శ్వాసకోశ వైరస్‌లకు యాంటిజెన్ పరీక్ష: కార్డా, రీడరా, పెద్ద యంత్రమా, ఆర్‌టీ-పీసీఆరా?

వానాకాలం మొదలైతే చాలు, మా ప్రయోగశాల కౌంటర్ దగ్గర తరచూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ముందురోజు కార్డు పరీక్షలో ‘ఇన్‌ఫ్లుయెంజా ఏ: నెగటివ్’ అని వచ్చిన కాగితం ఒక చేతిలో, మర్నాడు ఆర్‌టీ-పీసీఆర్‌లో పాజిటివ్ అని వచ్చిన కాగితం మరో చేతిలో పట్టుకుని, "ఈ రెండింటిలో ఏది తప్పండీ?" అని అడుగుతారు. చాలాసార్లు రెండూ తప్పు కావు. గీత కనిపించడానికి సరిపడా వైరస్ ప్రొటీన్ శాంపిల్‌లో దొరకలేదని మాత్రమే కార్డు చెప్పింది. వైరస్ జన్యుపదార్థం ఉందని పీసీఆర్ చెప్పింది. ఈ తేడాను డబ్బు కట్టించుకోకముందే రోగికి చెప్పి ఉండవలసింది. ఏ పరీక్ష చేయించాలో తేల్చుకోలేకపోతున్న కుటుంబాల కోసం, ఏ పద్ధతిని తెచ్చిపెట్టుకోవాలో ఆలోచిస్తున్న చిన్న నర్సింగ్‌హోమ్‌ల కోసం ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: యాంటిజెన్ పరీక్షలో, అంటే వైరస్ ప్రొటీన్‌ను వెతికే ఈ కార్డు తరహా పరీక్షలో, పాజిటివ్‌ను సీజన్ చూసి నమ్మాలి, నెగటివ్‌ను రోగిని చూసి నమ్మాలి.

పోల్చే ముందు చూడవలసినవి

మొదటిది, పరీక్ష ఎంతమందిని పట్టుకుంటుంది, ఎంతమందిని సరిగా వదిలేస్తుంది అన్నది. వ్యాధి ఉన్న నూరుమందిలో ఎందరికి పాజిటివ్ చూపుతుందో దాన్ని సున్నితత్వం అంటారు. వ్యాధి లేని నూరుమందిలో ఎందరికి నెగటివ్ చూపుతుందో దాన్ని నిర్దిష్టత అంటారు. కొవిడ్ యాంటిజెన్ కిట్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన కనీస గీటురాయి 80 శాతం సున్నితత్వం, 97 శాతం నిర్దిష్టత. ఇన్‌ఫ్లుయెంజా కార్డుల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో నిబంధనలు బిగించి, పీసీఆర్ తరహా పరీక్షతో పోల్చినప్పుడు సున్నితత్వం 80 శాతానికి తగ్గకూడదని చెప్పింది. అంతకుముందు మార్కెట్లో ఉన్న కార్డుల్లో చాలావాటి పనితీరు అంతకంటే బాగా తక్కువగా ఉండడమే దానికి కారణం.

అయితే డబ్బా మీద అచ్చువేసిన శాతం కిట్‌కు శాశ్వతంగా అంటుకుని ఉండే గుణం కాదు. 2020 జూన్‌లో మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తొలి కొవిడ్ యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇచ్చినప్పుడు, రెండుచోట్ల విడివిడిగా చేసిన పరిశీలనలో నిర్దిష్టత 99.3 నుంచి 100 శాతం దాకా వచ్చింది. సున్నితత్వం మాత్రం 50.6 నుంచి 84 శాతం దాకా ఉంది. కిట్ ఒక్కటే అయినా ఫలితంలో ఇంత అంతరం రావడానికి కారణం రోగుల్లో ఉన్న వైరస్ మోతాదు. పీసీఆర్ అయితే శాంపిల్‌లోని జన్యుపదార్థాన్ని మళ్లీమళ్లీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది కాబట్టి కొద్దిపాటి వైరస్ ఉన్నా బయటపెట్టగలదు. యాంటిజెన్ పరీక్షకు ఆ వెసులుబాటు లేదు. స్వాబ్‌కు ఎంత ప్రొటీన్ అంటుకుని వచ్చిందో అంతటితోనే అది పని చేసుకోవాలి.

అందువల్ల రెండో కొలమానం, జబ్బు మొదలై ఎన్నో రోజు అన్నది. కొవిడ్ కిట్లపై వచ్చిన అధ్యయనాలన్నింటినీ కూర్చి కాక్రేన్ సంస్థ 2022లో వెలువరించిన సమీక్షలో, లక్షణాలు మొదలైన తొలి వారంలో సగటు సున్నితత్వం 80.9 శాతం, రెండో వారంలో 53.8 శాతం. లక్షణాలే లేనివారిలో 54.7 శాతం. అదే సంస్థ 2021 నాటి సమీక్షలో ఇంకో పోలిక ఉంది: పీసీఆర్‌లో సీటీ విలువ (వైరస్ బయటపడేందుకు ఎన్నిసార్లు రెట్టింపు చేయవలసి వచ్చిందన్న లెక్క) 25 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారిలో, అంటే వైరస్ దండిగా ఉన్నవారిలో, కిట్లు 94.5 శాతాన్ని పట్టుకున్నాయి. 25 దాటినవారిలో 40.7 శాతాన్నే పట్టుకున్నాయి. ఎన్నో రోజున స్వాబ్ తీశారో చెప్పని రిపోర్టును చదవడం కష్టమని నేను పదేపదే అనేది ఈ అంకెలు చూసే.

మూడోది రోగి వయసు. పసిపిల్లల ముక్కులో వైరస్ ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది. పెద్దవారిలో, ముఖ్యంగా వృద్ధుల్లో, తక్కువగా ఉంటుంది.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది: ఆ సమయంలో ఊళ్లో ఆ వ్యాధి ఎంత ఉంది అన్నది. దీనిని ఒక లెక్కతో చూద్దాం. వ్యాధి ఉన్న నూరుమందిలో 62 మందిని పట్టుకుని, లేని నూరుమందిలో 98 మందిని సరిగా వదిలే ఇన్‌ఫ్లుయెంజా కార్డు ఒకటి ఉందనుకోండి. ఆగస్టులో ఓపీకి జ్వరం, దగ్గుతో వచ్చిన 1000 మందిలో 300 మందికి నిజంగా ఫ్లూ ఉంటే, కార్డు 186 మందిని పట్టుకుంటుంది, 114 మందిని వదిలేస్తుంది, ఫ్లూ లేని 14 మందికి పాజిటివ్ చూపుతుంది. మొత్తం 200 పాజిటివ్‌లలో 186 నిజమైనవి కాబట్టి పాజిటివ్‌ను నిశ్చింతగా నమ్మవచ్చు. కానీ 800 నెగటివ్‌లలో 114 అబద్ధాలు, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి ఫ్లూ ఉండి కూడా నెగటివ్ వచ్చినట్టు. ఇప్పుడు ఫ్లూ దాదాపు లేని నెలలో, 1000 మందిలో 20 మందికే వ్యాధి ఉన్నప్పుడు అదే కార్డు వాడితే, 12 నిజమైన పాజిటివ్‌లూ, సుమారు 20 అబద్ధపు పాజిటివ్‌లూ వస్తాయి. నెగటివ్‌లు నూటికి 99కి పైగా నిజమవుతాయి. కార్డు మారలేదు, చేసే మనిషి మారలేదు, నమ్మకం మాత్రం పూర్తిగా తలకిందులైంది.

ఇక ఐదోది, ఫలితం ఎంతసేపటికి చేతికి వస్తుంది, అది వచ్చాక చికిత్సలో ఏం మారుతుంది అన్నది. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తేనే ఎక్కువ మేలు చేస్తుంది. ఆ గడువు దాటాక వచ్చే కచ్చితమైన ఫలితం కంటే, గడువులోపు వచ్చే ఓ మోస్తరు ఫలితమే కొందరికి ఎక్కువ ఉపయోగం.

ఒక్కచోట చూస్తే

| పద్ధతి | ఫలితానికి పట్టే సమయం | సున్నితత్వం, పీసీఆర్‌తో పోల్చితే | నప్పే చోటు |
|---|---|---|---|
| కంటితో చదివే కార్డు | 15–30 నిమిషాలు | ఫ్లూ: 50–60 శాతం చుట్టుపక్కల, కొవిడ్ తొలి వారం: సుమారు 80 | సీజన్‌లో ఓపీ, పిల్లల వార్డు |
| రీడర్‌తో చదివే కార్డు | 15–30 నిమిషాలు | ఫ్లూ: సుమారు 77–80 శాతం | నర్సింగ్‌హోమ్, అత్యవసర విభాగం |
| పెద్ద యంత్రంపై కెమిల్యుమినిసెన్స్ (రసాయన చర్యలో పుట్టే వెలుగును కొలిచే పద్ధతి) | యంత్రంపై అరగంట చుట్టుపక్కల, శాంపిల్ రవాణా అదనం | వైరస్ మోతాదును బట్టి; సాధారణంగా కార్డు కంటే మెరుగు | రోజుకు వందల శాంపిల్స్ వచ్చే ల్యాబ్ |
| ఇమ్యునోఫ్లోరెసెన్స్ | కొన్ని గంటలు | చూసే కంటి నైపుణ్యాన్ని బట్టి | వైరాలజీ విభాగమున్న ఆసుపత్రి |
| ట్రూనాట్, సీబీనాట్ వంటి సత్వర జన్యు పరీక్షలు | ముప్పావు గంట నుంచి గంటకు పైగా | ఫ్లూ: 90 శాతానికి పైగా | అడ్మిట్ అయిన రోగి |
| ప్రయోగశాల ఆర్‌టీ-పీసీఆర్ | కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు | మిగిలినవాటిని కొలిచే ప్రమాణం | తీవ్ర జబ్బు, ఉపరకం తెలియాల్సినప్పుడు |

కంటితో చదివే కార్డు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెప్పాలి. 2009 మేలో దేశంలో తొలి ఎచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, అప్పటికి వాడుకలో ఉన్న మూడు ఫ్లూ కార్డులను కొత్త వైరస్‌పై పరీక్షించి చూస్తే, పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చిన శాంపిల్స్‌లో అవి 40 నుంచి 69 శాతాన్నే పట్టుకున్నాయి. 2012లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో ఫ్లూ కార్డుల సగటు సున్నితత్వం 62.3 శాతం, నిర్దిష్టత 98.2 శాతంగా తేలింది, పిల్లల్లో 66.6, పెద్దవారిలో 53.9. పైన నేను లెక్కకు తీసుకున్న కార్డు ఊహించినది కాదని ఈ అంకెలను బట్టి తెలుస్తుంది.

కార్డు బలహీనతలో కొంత భాగం తయారీదారుది, కొంత భాగం బల్ల దగ్గర మనది. స్వాబ్‌ను ముక్కు మొదట్లో పైపైన అలా తాకించి తీసేస్తే దానికి అంటేది చీమిడే గాని కణాలు కావు. స్వాబ్‌ను బఫర్ గొట్టంలో ముంచి, గోడలకు ఒత్తి తిప్పి, బయటికి తీసేటప్పుడు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి పిండాలి. ఆ పిండడం మరిచిపోతే ప్రొటీన్‌లో మంచి భాగం దూదిలోనే ఉండిపోయి చెత్తబుట్టలో పడుతుంది. తరువాత కిట్‌లో చెప్పినన్ని చుక్కలే వేయాలి. బుడగతో కూడిన చుక్క చుక్క కాదు. గడియారం పెట్టుకోవాలి. ఐసీఎంఆర్ అనుమతించిన ఆ తొలి కొవిడ్ కిట్‌ను 15 నిమిషాలకు చదవాలి, 30 నిమిషాలు దాటాక కనిపించిన గీతను లెక్కలోకి తీసుకోరాదు. రద్దీగా ఉన్న రోజు పది కార్డులు వరుసగా పరిచి, అన్నిటినీ ఒకేసారి చివరలో చదవడం నేను చూశాను. మొదటి కార్డు అప్పటికే గడువు దాటి ఉంటుంది, చివరిది ఇంకా పూర్తయి ఉండదు.

మరో పొరపాటు, పీసీఆర్ కోసం తీసిన వీటీఎం (శాంపిల్‌ను ల్యాబ్‌కు చేర్చే ద్రవం) గొట్టంలోంచే కాస్త ద్రవం తీసి కార్డు మీద వేయడం. రోగిని రెండోసారి ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఇలా చేస్తారు, కానీ ఆ గొట్టంలోని రెండు మూడు మిల్లీలీటర్ల ద్రవంలో ప్రొటీన్ పలచబడిపోతుంది. వీటీఎంలో పని చేస్తుందని కిట్ కాగితంలో స్పష్టంగా ఉంటే తప్ప ఆ పని చేయకూడదు. వేసవిలో నిల్వ కూడా ముఖ్యమే. కిట్ల డబ్బాలపై సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీలని రాసి ఉంటుంది; రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం కొరియర్ సంచిలో కూర్చున్న డబ్బా ఆ హద్దు ఎప్పుడో దాటుతుంది. కంట్రోల్ గీత వచ్చింది కదా అని ధీమా పడకూడదు. ద్రవం చివరిదాకా పాకిందనే అది చెబుతుంది. వేడికి పరీక్ష గీత పట్టు తగ్గిందో లేదో చెప్పదు.

రీడర్, పెద్ద యంత్రం, ఫ్లోరెసెన్స్

రీడర్ పద్ధతిలో కార్డు అలాగే ఉంటుంది, గీతను మాత్రం కంటికి బదులు చిన్న పరికరం చదువుతుంది. సన్నని గీత ఉందా లేదా అని ఇద్దరు టెక్నీషియన్లు వాదించుకోవలసిన అవసరం తప్పుతుంది. 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం మామూలు కార్డులు ఇన్‌ఫ్లుయెంజా ఏలో 54.4, బీలో 53.2 శాతాన్ని పట్టుకుంటే, రీడర్ పద్ధతిలో అవి 80.0, 76.8 శాతానికి పెరిగాయి. సత్వర జన్యు పరీక్షలు 91.6, 95.4 శాతాన్ని పట్టుకున్నాయి. యాభై పడకల ఆసుపత్రి నన్ను అడిగితే, కార్డుల మీద పెట్టే ఖర్చుకు మరికొంత జోడించి రీడర్ కొనమనే చెబుతాను. అయితే స్వాబ్ సరిగా తీయకపోతే యంత్రమైనా చేయగలిగింది ఏమీ లేదు.

హార్మోన్ల పరీక్షలకు వాడే పెద్ద కెమిల్యుమినిసెన్స్ యంత్రాలపైనే కొవిడ్ యాంటిజెన్‌ను కూడా కొలవవచ్చు. ఇవి అవును, కాదు అనడంతో ఆగక ప్రొటీన్ పరిమాణాన్ని అంకెల్లో చూపగలవు. జపాన్ 2020 జులై చివరి నుంచి విమానాశ్రయాల్లో ప్రయాణికుల లాలాజలాన్ని ఈ తరహా పరిమాణాత్మక పరీక్షతోనే చూసింది. పీసీఆర్ కోసం గంటల తరబడి నిలపకుండా ఎక్కువమందిని పరీక్షించడానికి అది వీలు కల్పించింది. ఒకేచోటికి వందల శాంపిల్స్ వచ్చినప్పుడే ఈ పద్ధతి గిట్టుబాటు అవుతుంది. రోజుకు పదిహేను స్వాబ్‌లు వచ్చే జిల్లా ల్యాబ్ దీనికోసం ఆరాటపడనక్కరలేదు.

ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో స్వాబ్‌తో వచ్చిన కణాలను గాజుపలక మీద ఆరబెట్టి, మెరిసే యాంటీబాడీ పూసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆర్‌ఎస్‌వి (పసిపిల్లల్లో ఆయాసం తెచ్చే వైరస్), అడినో, పారాఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లను ఒకే శాంపిల్‌లో వెతకవచ్చు. శాంపిల్‌లో కణాలు చాలినన్ని ఉన్నాయో లేదో కూడా కంటికే కనిపిస్తుంది, ఈ సదుపాయం ఏ కార్డులోనూ లేదు. కానీ ఆ యాపిల్ పచ్చ మెరుపును నిజమైనదో కాదో గుర్తుపట్టే కళ్లు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. పీసీఆర్ విస్తరించాక ఈ నైపుణ్యం తగ్గిపోతూ వచ్చింది.

జన్యు పరీక్షలు

గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసిన ట్రూనాట్ యంత్రాలు క్షయ పరీక్షల కోసం మన దగ్గర అప్పటికే ఉండడం వల్ల, 2020లో ఆంధ్రప్రదేశ్ వాటిని కొవిడ్‌కు విస్తారంగా వాడుకోగలిగింది. అడ్మిట్ అయిన రోగికి నెగటివ్ కార్డు వచ్చినప్పుడు అక్కడితో ఆగకుండా వీటిలో ఒకదానికి వెళ్లడమే సరైన క్రమం. కొవిడ్ కాలంలో ఐసీఎంఆర్ కూడా లక్షణాలున్నవారికి యాంటిజెన్ నెగటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ తప్పనిసరి అనే చెప్పింది.

జన్యు పరీక్షకూ ఒక పరిమితి ఉంది. కోలుకున్న మనిషి ముక్కులో మిగిలిపోయిన వైరస్ తునకలను పట్టుకుని అది వారాల తరబడి పాజిటివ్ చూపవచ్చు. "ఈమె ఇప్పుడు ఇతరులకు అంటిస్తుందా?" అన్నదే ప్రశ్న అయితే, పీసీఆర్ కంటే యాంటిజెన్ పరీక్షే దానికి దగ్గరగా సమాధానం చెబుతుంది. ఎక్కువ సున్నితమైనదే ప్రతిచోటా మేలైనదన్న భావన ఇక్కడ నిలబడదు.

ఎవరికి ఏది

ఎగశ్వాసతో, డొక్కలు ఎగరేస్తూ వచ్చిన పసిబిడ్డకు ఆర్‌ఎస్‌వి కార్డు మంచి ఎంపిక. 2015 నాటి విశ్లేషణలో ఈ కార్డుల సున్నితత్వం పిల్లల్లో 81 శాతం. పాజిటివ్ వస్తే యాంటీబయాటిక్ ఎందుకు అవసరం లేదో తల్లిదండ్రులకు వివరించవచ్చు, ఆ బిడ్డను వార్డులో మిగతా పిల్లల నుంచి విడిగా ఉంచవచ్చు. అదే కార్డును ఆయాసంతో వచ్చిన 70 ఏళ్ల తాతగారికి వాడితే, పెద్దవారిలో దాని సున్నితత్వం 29 శాతమే. పదిమందిలో ఏడుగురిని వదిలేసే పరీక్షకు ఆయన చేత డబ్బు ఖర్చు పెట్టించడం న్యాయం కాదు. నేరుగా జన్యు పరీక్షకు పంపాలి.

గర్భిణులు, ఆస్తమా లేదా గుండెజబ్బు ఉన్నవారు, డయాలిసిస్ రోగులు ఫ్లూ సీజన్‌లో తీవ్ర జ్వరంతో వస్తే, కార్డు నెగటివ్ వచ్చిందని ఒసెల్టామివిర్ ఆపడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే బాధ కలిగించేది. మన దేశపు ఎచ్1ఎన్1 మార్గదర్శకాల్లో ఏ, బీ, సీ అని మూడు తరగతులున్నాయి. ముప్పు ఎక్కువున్న బీ తరగతివారికి పరీక్షతో పని లేకుండానే మందు ఇవ్వవచ్చు, ఆసుపత్రిలో చేర్చవలసిన సీ తరగతివారికి పరీక్ష చేస్తూనే, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. వీరి విషయంలో "ఏ పరీక్ష?" అన్న ప్రశ్న కంటే "మందు ఎంత త్వరగా?" అన్నదే ముందు రావాలి. సంప్రదించవలసింది చూస్తున్న వైద్యుణ్నే. ఇక మామూలు జలుబు, ఒళ్లునొప్పులతో ఉన్న ఆరోగ్యవంతుడైన యువకుడికి, అంటే ‘ఏ’ తరగతివారికి, పరీక్షేదీ అవసరం లేదు.

వసతిగృహంలోనో వృద్ధాశ్రమంలోనో రెండు రోజుల్లో పదిమందికి జ్వరం వస్తే, తొలి రోజుల్లో ఉన్న అయిదారుగురికి కార్డు వేయడం తెలివైన పని. విడివిడిగా ఒక్కొక్క నెగటివ్‌కు విలువ తక్కువే అయినా, అంతమందిలో ఒకరిద్దరికి పాజిటివ్ వచ్చినా అక్కడ తిరుగుతున్నదేమిటో తెలిసిపోతుంది.

ఇంట్లో చేసుకునే కిట్ గురించి క్లుప్తంగా చెబుతాను. 2021 మేలో ఐసీఎంఆర్ అనుమతి పొందిన తొలి ఇంటి కిట్, పుణెలోని మైల్యాబ్ తయారుచేసిన కోవిసెల్ఫ్, 250 రూపాయలకు వచ్చింది. ఇలాంటి కిట్‌తో ఒక్కసారి నెగటివ్ వస్తే సరిపోదు. లక్షణాలున్నవారు 48 గంటల తేడాతో కనీసం రెండుసార్లు, లేనివారు అదే తేడాతో మూడుసార్లు చేసుకోవాలని 2022 ఆగస్టులో ఎఫ్‌డీఏ సూచించింది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవారికి కూడా ఈ సూచన నేరుగా వర్తిస్తుంది.

కార్డు చెప్పలేనిది, రిపోర్టులో చూడవలసినది

"స్వైన్ ఫ్లూ పరీక్ష చేయండి" అని వచ్చేవారికి మామూలు కార్డు సమాధానం ఇవ్వలేదు. వైరస్ లోపలి న్యూక్లియోప్రొటీన్‌ను అది గుర్తిస్తుంది కాబట్టి ఇన్‌ఫ్లుయెంజా ఏ అని మాత్రమే చెబుతుంది. అది ఎచ్1ఎన్1 అయినా, ఎచ్3ఎన్2 అయినా, కోళ్ల నుంచి వచ్చే ఎచ్5ఎన్1 అయినా గీత ఒక్కటే. 2025లో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి మరణానికి ఎచ్5ఎన్1 కారణమని తేలింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో. తీవ్రమైన న్యుమోనియా ఉండి, కోళ్లతోనో పచ్చి కోడిమాంసంతోనో సంబంధం ఉన్నట్టు తెలిస్తే, కార్డు ఫలితం ఏదైనా సరే శాంపిల్‌ను వైరల్ పరిశోధన ప్రయోగశాలకు పంపించాలి.

రిపోర్టు చేతికి వచ్చాక పాజిటివ్, నెగటివ్ అన్న మాట కంటే ముందు ‘మెథడ్’ అన్న వరుస చూడండి. ఇమ్యునోక్రొమటోగ్రఫీ అని ఉంటే అది కంటితో చదివిన కార్డు. ఫ్లోరెసెన్స్ ఇమ్యునోఅస్సే అని ఉంటే రీడర్. క్లియా అని ఉంటే పెద్ద యంత్రం. స్వాబ్ ముక్కులోంచి తీశారా, ముక్కు వెనక గొంతు పైభాగం నుంచా, జబ్బు ఎన్నో రోజున తీశారు అన్నవి కూడా ఉండాలి. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఫ్లూ కార్డు నెగటివ్ వచ్చిన ప్రతి రిపోర్టు కింద ఒక వాక్యం అచ్చవుతుంది: "ఈ ఫలితం ఇన్‌ఫ్లుయెంజా లేదని నిర్ధారించదు, లక్షణాలు తీవ్రంగా ఉంటే ఆర్‌టీ-పీసీఆర్ అవసరం." ఆ వాక్యం పెట్టినప్పటి నుంచి కౌంటర్ దగ్గరికి రెండు కాగితాలతో వచ్చేవారు తగ్గారు, రెండో స్వాబ్ కోసం అదే రోజు తిరిగి వచ్చేవారు పెరిగారు.